చేతిలో పని ఉండగానే



ఆదోనిలో పొద్దున అన్న మాట ఎమ్మిగనూరు చేరడానికి సాయంత్రం దాకా పట్టదు. గూడూరులో అయితే మనం ఇల్లు చేరేలోపలే మాట చేరి కూర్చుంటుంది. మన గూడూరే, కర్నూలు జిల్లా గూడూరు. నెల్లూరు దిక్కు గూడూరు కాదు. ఇట్లాంటి ఊళ్లలో ఒకచోట పనిచేస్తూ, ఇంకోచోట ఇంటర్వ్యూకు పోయిరావాలంటే ఎట్లా? ఉన్నచోట గొడవ కాకుండా, పేరు పోకుండా, చేతిలో పని జారిపోకుండా ఎట్లా? ఈ పూట దాని గురించి మాట్లాడుకుందాం.

హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండేవాళ్లకు ఇదొక సమస్యే కాదు. అక్కడ ఎవరు ఏ గేట్లోకి పోతున్నారో చూసే తీరిక ఎవరికీ లేదు. ఆదోనిలో అట్లా కుదరదు. జిన్నింగ్ మిల్లు సావుకారు, నూనె మిల్లు సావుకారు, మండీలో కమిషన్ ఏజెంటు, వీళ్లందరికీ లెక్కలు చూసే ఆడిటరు, అందరూ మార్కెట్ యార్డులో ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లే. మీరు ఒక మిల్లులో గుమాస్తా అనుకుందాం. ఇంకో మిల్లులో పని అడిగి వచ్చినారు. మీరు సైకిల్ స్టాండు వేసేలోపల మీ సావుకారుకు ఫోను పోతుంది. "మీ పిల్లోడు మా కాడికి వచ్చిండె. మనిషి ఎట్లాంటోడు?" అని. అడిగినాయన చెడ్డోడు కాదు. మనిషిని పెట్టుకునే ముందు నాలుగు మాటలు విచారించుకున్నాడు, అంతే. కానీ ఆ ఒక్క ఫోనుతో మీకు రెండు పక్కలా నష్టం. కొత్త పని ఇంకా ఖాయం కాలేదు. పాతచోట బీరువా తాళాలు మీ చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోయినాయి.

అందుకే చాలామంది అబద్ధాలు మొదలుపెడతారు. తాతకు బాగలేదంటారు. కడుపు నొప్పంటారు. లేని చిన్నాయనను చంపేస్తారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గుర్తు పెట్టుకోండి. చెప్పకపోవడం వేరు. అబద్ధం చెప్పడం వేరు. మొదటిది మీ హక్కు. రెండోది మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇంట్లో అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు అనుకోండి. పెళ్లిచూపులు అవుతాయి. ఇచ్చిపుచ్చుకోవడాలు మాట్లాడుకుంటారు. తాంబూలాలు మార్చుకునే దాకా వీధిలో ఎవరికీ చెప్పరు. ఎవరన్నా గట్టిగా అడిగితే, "చూస్తున్నామమ్మా, దేవుడెప్పుడు రాసినాడో" అంటారు. అది మోసమని ఎవరూ అనుకోరు. కుదరకపోతే పిల్లకు మాట రాకూడదని అట్లా గుట్టుగా ఉంటారు. ఉద్యోగం వెతుక్కోవడంలోనూ ఈ పద్ధతే. తాంబూలాలు అయ్యేదాకా ఊరికి చెప్పొద్దు. అట్లాగని, పిల్లకు పెళ్లే చేయబోమని ఒట్లు కూడా పెట్టొద్దు.

సరే, సెలవు సంగతికొద్దాం. చిక్కంతా అక్కడే.

సెలవు చీటీలో ఏం రాయాలి? "సొంత పని" అని రాయండి. చాలు. రెండే మాటలు. కారణం పెద్దదైన కొద్దీ అనుమానం పెద్దదవుతుంది. జ్వరమని రాసి కర్నూలు పోయినారనుకోండి. కర్నూలు కొత్త బస్టాండులో ఆదోని మొహం కనపడకుండా ఉంటుందా? ఆస్పత్రి పనికి పోయేవాళ్లు, కలెక్టరాఫీసుకు పోయేవాళ్లు, అందరూ అక్కడే దిగాలి కదా. మీకు చూస్తే ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. మర్నాడు మిల్లులో ప్రశ్న వస్తుంది.

"ఏమప్పా, నిన్న కర్నూల్లో అగపడితివంట?"

జ్వరమని రాసినోడు ఇక్కడ నీళ్లు నములుతాడు. సొంత పని అని రాసినోడికి భయం లేదు. "అవును సార్, సొంత పని ఉండె, పోయింటి" అంటాడు. చెప్పింది నిజమే. చెప్పనిది ఉంది గానీ, అబద్ధం లేదు. ఆ పని ఏందని ఇంకా తవ్వితే, "అయినాక చెప్తా సార్" అని నవ్వి ఊరుకోవచ్చు. ఇద్దరికీ తేడా చూసినారు కదా. చెప్పకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు.

చొక్కా మాటెత్తినాను కాబట్టి ఒక చిన్న ముచ్చట. పత్తి సీజన్లో జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాళ్ల తల మీద, బట్టల మీద దూది నూగు వాలి ఉంటుంది. అట్లాంటి మనిషి ఒకరోజు నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, పాలిష్ బూట్లతో పనికి వచ్చి, మధ్యాహ్నం రెండింటికి పర్మిషన్ అడిగితే, చెప్పాల్సిన పనేముంది? వాచ్‌మన్‌కే తెలిసిపోతుంది. మంచి బట్టలు సంచిలో పెట్టుకోండి. లేదంటే ఆ రోజు పూర్తిగా సెలవు పెట్టండి.

వారంలో మూడుసార్లు సగం పూట సెలవు అడగడం కన్నా ఒక్కరోజు పూర్తి సెలవు మేలు. ఇంకా మేలైన దారి, టైము మీరే అడగడం. చాలామంది జంకుతారు. ఇంటర్వ్యూ పిలిచినవాళ్లు చెప్పిన టైమే శాసనమనుకుంటారు. అట్లా ఏం లేదు. "నేను ఇప్పుడు ఒకచోట పనిచేస్తున్నాను. పనివేళల్లో వాళ్ల పని ఆపి రాలేను. పొద్దున తొమ్మిదిలోపల గానీ, సాయంత్రం ఆరు తర్వాత గానీ, ఆదివారం గానీ వీలైతే చెప్పండి" అని అడగండి. మొదటి విడత ఫోన్లోనో వీడియో కాల్‌లోనో పెట్టమనండి. మనిషిని చూడాల్సిన ఆఖరు విడతకు మాత్రం సెలవు పెట్టి పోండి. ఈ మాట అడిగినందుకు మిమ్మల్ని ఎవరూ తీసేయరు. వాళ్లకూ ఒక సంగతి తెలుస్తుంది కదా. ఇప్పుడున్న యజమాని టైము కొట్టనివాడు రేపు తమ టైమూ కొట్టడు అని.

ఇంకో మాట కూడా అక్కడే చెప్పేయండి, మొదటి రోజే. "నేను చూస్తున్నట్టు మా వాళ్లకు ఇంకా చెప్పలేదు. దయచేసి వాళ్లకు ఫోన్ చేయొద్దు. ఆఫర్ ఇచ్చినాక నేనే చెప్తాను." ఇది నోటితో చెప్పినా, ఒక మెసేజ్ కూడా పెట్టండి. మరి మీ గురించి ఎవరిని విచారించుకోవాలి? అంతకుముందు పనిచేసిన చోటి పెద్దమనిషి పేరు ఇవ్వండి. చదువు చెప్పిన లెక్చరర్ పేరు ఇవ్వండి. ఇచ్చే ముందు వాళ్లకు ఒక మాట చెప్పి ఇవ్వండి.

ఫోను గురించి ఎక్కువ చెప్పను. కంపెనీ ఇచ్చిన సిమ్ము, కంపెనీ మెయిలు, కంపెనీ కంప్యూటరు, ఇవి మీవి కావు. బయోడేటా వాటిలో పెట్టొద్దు. ఆఫీసు ప్రింటర్లో ప్రింటు తీసి, ఒక కాపీ మరిచిపోయి వచ్చినవాళ్లు ఎంతమందో! నౌకరీ లాంటి సైట్లలో బయోడేటా పెడితే, మీ ఇప్పటి కంపెనీకి కనపడకుండా పెట్టుకునే వీలుంది. అది వాడుకోండి. వాట్సాప్ స్టేటస్‌లో "కొత్త ఆరంభాలు" అని సూర్యోదయం బొమ్మ పెట్టొద్దు. ఇంట్లో ఒక్కరికి చెప్పండి. ఫ్యామిలీ గ్రూపులో చెప్పొద్దు. మీ బావమరిది మీ సావుకారు కొడుకుతో కలిసి క్రికెట్ ఆడుతుంటాడు, అది మీకు గుర్తుండదు.

ఇప్పుడు ఇంటర్వ్యూ గదిలోకి పోదాం. అక్కడ ఒక వల ఉంటుంది. ఎదుటాయన మెల్లగా అడుగుతాడు. "మీ మిల్లు వాళ్లు ఈ వారం ఏ రేటుకు కొన్నారు? బేళ్లు ఎవరికి పంపుతున్నారు? బాకీలు ఎంత నిలిచినాయి?" మాటల మధ్యలో, టీ తాగుతా అడుగుతాడు. చెబితే పని ఖాయమనిపిస్తుంది. చెప్పొద్దు. "సార్, అది వాళ్ల లెక్క. రేపు మీ లెక్క కూడా నేను ఇంకొకరికి చెప్పను" అనండి. అంతకన్నా మంచి జవాబు ఆ గదిలో ఇంకొకటి లేదు. యజమాని దగ్గర మీ సంగతి గుట్టుగా ఉంచుతున్నారు కదా. యజమాని సంగతి కూడా బయట అట్లాగే గుట్టుగా ఉండాలి. పార్టీల పేర్లు, ఫోన్ నంబర్లు ఫోటోలు తీసుకుని పోవడం మాత్రం దొంగతనమే. దానికి వేరే పేరు పెట్టలేను.

అన్నిటికన్నా కష్టమైన ఘడియ ఇంకొకటుంది. సావుకారే పిలిచి, తలుపు దగ్గరికి వేసి, సూటిగా అడిగేస్తాడు. "ఏం, వేరే పని చూస్తున్నావా?"

అప్పుడేం చేయాలి? ఇప్పటిదాకా చెప్పకుండా ఉన్నారు, బాగానే ఉంది. ఇప్పుడు "అయ్యో లేదు సార్, ప్రాణం పోయినా మిమ్మల్ని వదలను" అంటే అది అబద్ధం. పదిహేను రోజులకు మీరు రాజీనామా ఇస్తారు. ఆయన మర్చిపోడు. రేపు ఎవరన్నా విచారిస్తే, "పని బాగానే చేస్తాడు, నోట్లో నిజం లేదు" అంటాడు. ఆదోని, ఎమ్మిగనూరు లాంటి చోట ఆ ఒక్క వాక్యం ఇరవై ఏళ్లు మీ వెంట తిరుగుతుంది.

అట్లాగని పిలిచిన చోట్లు, వాళ్లు చెప్పిన జీతం, అన్నీ కక్కేయాల్సిన పని కూడా లేదు. ఇట్లా చెప్పొచ్చు. "సార్, పిల్లల ఫీజులు పెరిగినాయి. మంచిది వస్తే ఆలోచిస్తాను. ఇప్పటికైతే ఏదీ ఖాయం కాలేదు. నేను పోవాల్సి వస్తే మీకే ముందు చెప్తాను. లెక్కలు అప్పజెప్పకుండా పోను." ఇందులో ఒక్క మాటా అబద్ధం లేదు. చాలాసార్లు అక్కడే జీతం మాట కూడా బయటికి వస్తుంది. రాకపోయినా నష్టం లేదు.

కోపమొచ్చి అప్పటికప్పుడే రావద్దంటే? చట్టం ఏమంటుందో తెలుసుకుని ఉండండి. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం, ఆరు నెలలు వరుసగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయకూడదు. నెల రోజుల నోటీసు గానీ, నెల జీతం గానీ ఇవ్వాలి. బజారు దుకాణంలో గుమాస్తా ఈ చట్టం పట్టుకుని ఎంతదూరం నడవగలడో నాకూ తెలుసు, మీకూ తెలుసు. కానీ ఆ నెల జీతం అడగడానికి నోరు మాత్రం రావాలి.

ఇప్పుడు గూడూరులో ఒక ప్రైవేటు స్కూలు టీచరమ్మ సంగతి చూద్దాం. కర్నూల్లో ఒక స్కూల్లో ఖాళీ ఉంది. వాళ్లు డెమో క్లాసు చెప్పమన్నారు. డెమో అంటే పగటి పూటే. పిల్లలు ఉండాలి కదా. ఆమె ఏం చేయాలి? సెలవు పెట్టాలి. పెట్టేముందు ఆ రోజు తన తరగతులు ఎవరు చూస్తారో తోటి టీచరుతో మాట్లాడుకుని, పాఠం రాసి ఇచ్చి పోవాలి. అప్పుడు ఆ సెలవును ఎవరూ వేలెత్తి చూపలేరు. టెన్త్ పిల్లలను జనవరిలో మధ్యలో వదిలేసి పోవద్దని మాత్రం చేతులు జోడించి అడుగుతాను. ఏప్రిల్, మే నెలల్లో స్కూళ్లన్నీ టీచర్ల కోసం వెతుక్కుంటాయి. అప్పటిదాకా ఆగితే పిల్లలకూ మంచిది, ఆమె పేరుకూ మంచిది.

అదే టీచరమ్మకు ఇంకో చిక్కు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇక్కడి స్కూలు బీరువాలో ఉన్నాయి. చేరినప్పుడు తీసిపెట్టుకున్నారు. ఇప్పుడు అడిగితే సంగతి బయటపడుతుంది. అందుకే కొత్తగా చేరేవాళ్లందరికీ చెప్తున్నాను. ఒరిజినల్స్ చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ ఇంటికి తెచ్చుకోండి. ఇప్పటికే ఇచ్చినవాళ్లు, ఏ ఇంటర్వ్యూ లేనప్పుడే, బ్యాంకు లోన్ పనికో, డీఎస్సీ దరఖాస్తుకో నిజంగా అవసరం పడ్డప్పుడే అడిగి తెచ్చుకుని ఇంట్లో పెట్టుకోండి.

డీఎస్సీ అన్నాను కాబట్టి ప్రభుత్వ ఉద్యోగుల సంగతి. ఇంతసేపు చెప్పిన గుట్టు వాళ్లకు పనికిరాదు. తారుమారు. 2025లో 16,347 టీచరు పోస్టులకు మెగా డీఎస్సీ జరిగింది. సచివాలయంలోనో ఇంకో శాఖలోనో పనిచేస్తూ ఇట్లాంటి పరీక్షలు రాసేవాళ్లు మన దిక్కు ఎంతోమంది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి ఇంకో ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, పై అధికారికి రాతపూర్వకంగా తెలపాలి. ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, అడుగుతారు. అది దాచిపెడితే, ఎంపికైనాక సర్టిఫికెట్ల పరిశీలనలో ఇరుక్కుంటారు. సరైన దారిలో పోతే పాత సర్వీసు, జీతం కాపాడుకునే అవకాశం కూడా ఉంటుంది. అక్కడ చెప్పడమే తెలివి.

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో లెక్క ఇంకో తీరు. నేతగాడికి ఇంటర్వ్యూ ఏముంటుంది, నేసిన చీరే ఇంటర్వ్యూ. కానీ మాస్టర్ వీవర్ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటే, అది తీరేదాకా ఇంకొకరి నూలు ముట్టడం కష్టం. కొత్తాయన పాత అడ్వాన్సు కట్టి తన దగ్గరికి తెచ్చుకుంటాడు. ముడి మాత్రం ఊడదు. మాచాని సోమప్ప 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టినప్పుడు నేతగాళ్లకు దొరికిన పెద్ద బలం, నూలుకూ కూలికీ ఇంకొక చోటు ఉండడమే. పోవడానికి ఇంకొక చోటు ఉందని తెలిస్తేనే మనిషికి ఉన్నచోట విలువ.

ఆ అడ్వాన్సుకు చదువుకున్న తమ్ముడే బాండు. కొత్తగా చేరేవాళ్లతో రాయించుకుంటారు. మూడేళ్లలోపల పోతే ఇంత కట్టాలని. అది చెల్లుతుందా? 2025 మే నెలలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో తీర్పు చెప్పింది. మూడేళ్లు పనిచేయాలి, లేదంటే రెండు లక్షలు కట్టాలి అన్నది షరతు. ఒక సీనియర్ మేనేజర్ మధ్యలోనే ఇంకో బ్యాంకుకు పోయినాడు. ఆ షరతు చెల్లుతుందని కోర్టు అనింది. కాబట్టి మీరు సంతకం పెట్టిన కాగితాలు ఇంటర్వ్యూకు పోయే ముందే తీసి చదవండి. కట్టాల్సిన డబ్బు ఏమన్నా ఉంటే కొత్త జీతంలోంచి తీసేసి చూడండి, అప్పుడు అసలు లాభం తెలుస్తుంది. అయితే ఇంకో రకం షరతు ఉంది. ఇక్కడ మానేసినాక ఇదే వ్యాపారంలో ఇంకెక్కడా పని చేయకూడదు అని. మనిషి బతుకుతెరువును అట్లా కట్టిపడేసే ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. ఆ బెదిరింపుకు భయపడొద్దు.

ఇప్పుడు ఆఖరు మెట్టు. ఇంటర్వ్యూ బాగా జరిగింది. "రేపటి నుంచి వచ్చేయ్" అన్నారు. చాలామంది ఇక్కడే జారిపడతారు. నోటి మాట నమ్మి, పాతచోట రాజీనామా ఇచ్చేస్తారు. కొత్తచోట సీజన్ బాగలేదంటారు, మనిషి దొరికినాడంటారు. 2022లో పెద్ద పెద్ద ఐటీ కంపెనీలే ఆఫర్ ఇచ్చిన పిల్లలను నెలల తరబడి ఆపేసినాయి. కాగితం ఉన్నవాళ్లకే ఆ గతి. కాగితం లేనివాళ్ల సంగతి చెప్పేదేముంది? కాగితం మీద జీతం, హోదా, చేరే తేదీ, సంతకం, ఈ నాలుగూ కళ్లారా చూసినాకే ఇక్కడ నోరు విప్పండి. ఇంటర్వ్యూకు గానీ ఆఫర్‌కు గానీ మిమ్మల్నే డబ్బు కట్టమంటే మాత్రం అది ఉద్యోగం కాదు, మోసం. ఆన్‌లైన్లో కట్టేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా.

రాజీనామా తేదీ వేసే ముందు క్యాలెండర్ చూడండి. పదిమందో అంతకన్నా ఎక్కువమందో పనిచేసే చోట, పర్మనెంటు ఉద్యోగికి ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. ఏడాదికి పదిహేను రోజుల జీతం. బేసిక్, డీఏ కలిపి నెలకు 13,000 అనుకుందాం. నెలను 26 రోజులుగా లెక్కేస్తారు. రోజుకు 500. పదిహేను రోజులకు 7,500. ఐదేళ్లకు 37,500 రూపాయలు. నాలుగేళ్ల పది నెలలకు తొందరపడి పోతే ఈ డబ్బు చిక్కుల్లో పడొచ్చు. కొత్తచోట రెండు నెలలు గడువు అడిగితే ఏం పోయింది?

పీఎఫ్ ఉన్నవాళ్లు దాన్ని తీసేసుకోకండి. కొత్త ఖాతాకు మార్చుకోండి. మొత్తం సర్వీసు పదేళ్లు నిండితే పెన్షన్‌కు అర్హత వస్తుంది. మీ యూఏఎన్ నంబరు ఎన్ని ఉద్యోగాలు మారినా అదే. అందులో మీరు చేరిన తేదీ, మానిన తేదీ నమోదై ఉంటాయి, కొత్తవాళ్లు చూపమని అడగొచ్చు. కాబట్టి ఇంటర్వ్యూలో మూడేళ్లను ఐదేళ్లుగా చెప్పొద్దు. అక్కడా అదే సూత్రం. అడగంది చెప్పకపోవచ్చు, చెప్పింది మాత్రం నిజమై ఉండాలి.

కాగితం చేతికి వచ్చింది. ఇక యజమానికి మీ నోటి నుంచే ముందు తెలియాలి. తోటి గుమాస్తాకు కాదు, వాచ్‌మన్‌కు కాదు, ముందు ఆయనకే. కొద్దిమంది యజమానులు కాళ్లకు అడ్డం పడి "వెయ్యి రూపాయలు పెంచుతా, ఉండిపో" అంటారు. ఆ ఘడియలో జవాబు చెప్పకండి. ఒక రాత్రి గడువు అడగండి. రాజీనామా రెండు కాపీలు రాయండి. రెండో కాపీ మీద "ముట్టింది" అని సంతకం, తేదీ వేయించుకోండి. నోటీసు రోజులు పూర్తిగా పనిచేయండి. తాళాలు, క్యాష్ బుక్కు, రావాల్సిన బాకీల పట్టీ ఒక్కొక్కటీ అప్పజెప్పి, రిలీవింగ్ లెటర్ తీసుకోండి. పీఎఫ్‌లో మీరు మానిన తేదీని వాళ్లు ఎక్కించకపోతే, చివరి చందా పడి రెండు నెలలు దాటినాక మీరే మీ ఆధార్ ఫోను నంబరుకు వచ్చే ఓటీపీతో ఆన్‌లైన్లో ఎక్కించుకోవచ్చు.